లాగని దాపట ఎద్దు: పాత బుల్లెట్‌కి సైడ్‌కార్ కుదర్చడం

(పర్లాకిమిడిలో పాత మోటారు సైకిళ్ళ వాళ్ళు కలుసుకున్న రోజున, అదే ఊళ్ళో షెడ్డు నడిపే ఒక మెకానిక్ చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డ తమ్ముళ్ళూ, ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పాతపట్నం వాళ్ళు ఏరు దాటి వచ్చారు. గుణుపురం వాళ్ళు తెల్లవారకముందే బయల్దేరారు. బరంపురం మాస్టారు తప్తపాణి ఘాటు ఎక్కి దిగి, తన బండి మీదే వచ్చారు. మీరందరూ ఇంత దూరం వచ్చారు కాబట్టి, పైపైన నాలుగు మాటలు చెప్పి కూర్చోను. పాత బుల్లెట్ బండికి సైడ్‌కార్, అంటే పక్కన తగిలించే మనిషి కూర్చునే తొట్టి, కుదర్చడం గురించి నాకు తెలిసింది తెలిసినట్టు చెప్తాను.

ముందు భాష సంగతి. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. జనం మాట్లాడే మాటే రాతలోకి రావాలని ఆయన పట్టుబట్టింది ఈ ఊళ్ళో ఉండే. అందుకని మా షెడ్డులో ఏ మాట వాడతామో ఇక్కడా అదే వాడతాను. సైడ్‌కార్ చక్రం ముక్కుని కాస్త బండి వైపుకి తిప్పడాన్ని టో-ఇన్ అనే అంటాను. బండిని సైడ్‌కార్‌కి ఎదురువైపు వాల్చడాన్ని లీన్-అవుట్ అనే అంటాను. అర్థం కాకపోతే చెయ్యెత్తండి, ఆగుతాను.

ఎడ్ల బండి తోలినవాళ్ళు ఎంతమంది ఉన్నారు? ఆ, పెద్దవాళ్ళు చాలామందే ఉన్నారు. సరే, మీకొక ప్రశ్న. వలపట ఎద్దు బాగా లాగుతోంది. దాపట ఎద్దు లాగడం లేదు, ఊరికే పక్కన నడుస్తోంది. బండి ఎటు పోతుంది? ఎడమకి. దాపటి వైపుకే పోతుంది. సైడ్‌కార్ అంటే అదే. మన దేశంలో రోడ్డుకి ఎడమ పక్కన నడుస్తాం కాబట్టి సైడ్‌కార్ ఎడమ వైపు ఉంటుంది. దానికో చక్రం ఉంది, బరువుంది, కానీ ఇంజిన్ లేదు. అది లాగని దాపట ఎద్దు. మోటారు సైకిల్ ముందుకు పోతానంటుంది, పక్కనున్నది వెనక్కి పట్టుకుంటుంది. బండి ఎడమకి తిరుగుతుంది. దీనికి తోడు మన రోడ్డు నడుమ ఎత్తుగా, అంచులకి వాలుగా ఉంటుంది. ఆ వాలు కూడా ఎడమకే. అంటే రెండూ కలిసి మిమ్మల్ని ఎడమకే లాగుతాయి.

మరి సైడ్‌కార్ చక్రాన్ని బండికి సమానంగా, తిన్నగా, నిటారుగా బిగిస్తే ఏమవుతుంది? కంటికి అందంగా ఉంటుంది. నడిపేవాడి భుజాలు మాత్రం అరిగిపోతాయి. తిన్నగా బిగించిన సైడ్‌కార్ తిన్నగా పోదు. ఇది నేను ఎవరో చెప్తే విని నేర్చుకున్నది కాదు. మా అమ్మని కూర్చోబెట్టి నేర్చుకున్నాను.

మా నాన్నది 350 బుల్లెట్. మద్రాసులో 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది కదా, అక్కడ తయారైన బండే. గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి ఉండే పాత రకం. మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు ముదిరి, కాలు ఎత్తి వెనక సీటు ఎక్కడం కష్టమైంది. ఆమెకి శ్రీముఖలింగం వెళ్ళాలని ఉంది. ఆటోలో కుదుపులు పడలేనంది. పాత సైడ్‌కార్ ఒకటి దొరికింది. ఒక షెడ్డు వాళ్ళకి ఇచ్చాను. రెండు రోజుల్లో వెల్డింగ్ చేసి ఇచ్చేశారు. బుల్లెట్ ఫ్రేముకే వెల్డింగ్! నాకు అప్పటికి తెలియదు, సంతోషంగా తెచ్చుకున్నాను.

ముఖలింగం వెళ్ళేసరికి నా కుడి చెయ్యి మోచేతి నుంచి భుజం దాకా పట్టేసింది. దారి పొడవునా హ్యాండిల్‌ని కుడికి లాగి పట్టుకోవాల్సి వచ్చింది. ఒక్క క్షణం సడలిస్తే ఎడమ అంచు మట్టిలోకి దిగిపోతోంది. అమ్మ దర్శనం చేసుకుని వంశధార ఒడ్డున కూర్చుంది. నేను బండి కింద పడుకుని చూశాను. వెల్డింగ్ పక్కన ఫ్రేము గొట్టానికి వెంట్రుకంత చీలిక. వెల్డింగ్ మీద కాదు, దాని పక్కన. వేడి తగిలిన చోట ఇనుము గుణం మారిపోతుంది, అక్కడే పగులుతుంది. అమ్మని బస్సులో పంపించి, ఖాళీ బండి మెల్లగా తోలుకొచ్చాను. ఆ రోజు ఆ చీలిక చూసి నాకు పట్టిన చెమట ఇప్పటికీ గుర్తుంది. అందుకే మీ అందరికీ చేతులు జోడించి చెప్తున్నాను, ఫ్రేముకి వెల్డింగ్ చెయ్యకండి. క్లాంపులు, అంటే గొట్టాన్ని చుట్టి బోల్టులతో బిగించే పట్టీలు, వేయండి.

ముందు బండి, తర్వాతే సైడ్‌కార్

చాలామంది సైడ్‌కార్ రాగానే పానాలు తీస్తారు. ఆగండి. మోటారు సైకిల్‌లో లూజు ఉంటే మీరు ఎంత కొలిచినా ఆ కొలత నిలవదు. హ్యాండిల్ తిరిగే చోట ఉండే కోన్ సెట్ చూడండి. వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ బుష్‌లు చూడండి. చక్రాల బేరింగులు చూడండి. చక్రాల పుల్లలు, అంటే స్పోకులు, ఒక్కొక్కటీ వేలితో మీటి చూడండి, మొద్దుగా మోగిన పుల్ల లూజు. ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నాను? రెండు చక్రాల బండి మలుపులో వాలుతుంది, కాబట్టి బరువు పుల్లల మీద నిలువుగానే పడుతుంది. సైడ్‌కార్ ఉన్న బండి వాలదు. మలుపులో బరువంతా చక్రాన్ని పక్కకి తోస్తుంది. ఆ పుల్లలు ఆ పనికి పుట్టినవి కావు. వెనక చక్రం ముందు చక్రం వరసలో ఉందా లేదా అన్నది కూడా ఇప్పుడే సరిచేసుకోవాలి. గాలి సరిగ్గా పట్టించాలి. సైడ్ స్టాండ్ తీసేయండి, దానితో ఇక పని లేదు.

ఇక బిగింపులు. నాలుగు చోట్ల బిగించాలి. కింద రెండు, పైన రెండు. మూడుతో నడిపేవాళ్ళు ఉన్నారు, నేను ఒప్పుకోను. కింద రెండూ బరువు మోస్తాయి, పై రెండూ బండిని నిలబెడతాయి. బుల్లెట్‌తో ఒక చిక్కుంది. దాని ఫ్రేముకి ఇంజిన్ కింద గొట్టం లేదు. ముందు గొట్టం ఇంజిన్ ప్లేట్ల దగ్గర ఆగిపోతుంది, అక్కణ్ణుంచి ఇంజినే ఫ్రేములో భాగం. మరి కింద ముందు క్లాంపు దేనికి వేస్తారు? వేయడానికి ఏమీ లేదు. అందుకని ముందు ఇంజిన్ ప్లేట్ల బోల్టుల నుంచి వెనక ఫుట్‌రెస్ట్ రాడ్డు దాకా కింద చిన్న సబ్‌ఫ్రేము ఒకటి కట్టాలి. దానికి సైడ్‌కార్‌ని పట్టించాలి. ఈ సబ్‌ఫ్రేము లేకుండా చేసిన పనిని నేను నమ్మను. పైన ముందుది టాంకు కింద, హ్యాండిల్ తిరిగే హెడ్డుకి దగ్గరగా రావాలి. పైన వెనకది సీటు కింద. క్లాంపు లోపలి గుండ్రం గొట్టానికి అతికినట్టు ఉండాలి. సరిపోలేదని రబ్బరు ముక్క పెట్టి బిగిస్తారు కొందరు. రబ్బరు నలుగుతుంది, క్లాంపు జారుతుంది. లోపల ఇత్తడి రేకు చుట్టండి.

పాత బుల్లెట్ వాళ్ళకి ఇంకో జాగ్రత్త. మీ బ్రేకు పెడల్ ఎడమవైపు, చైను ఎడమవైపు, సైడ్‌కార్ కూడా ఎడమవైపే. నా బండికి రెండోసారి నేనే క్లాంపులు వేశాక అంతా బాగుంది. నాలుగు నెలలకి బ్రేకు లైనర్లు అరిగాయి, పెడల్ ఇంకా కిందికి దిగడం మొదలుపెట్టింది. దిగి దిగి కింది స్ట్రట్‌కి, అంటే సైడ్‌కార్‌ని బండికి పట్టి ఉంచే కడ్డీకి, తగిలి ఆగిపోయింది. నేను తొక్కుతున్నాను, బ్రేకు పడటం లేదు. నా తప్పే, ఖాళీ తక్కువ వదిలాను. బిగించే రోజునే పెడల్‌ని చివరిదాకా తొక్కి, దాని కింద రెండు వేళ్ళు పడుతున్నాయో లేదో చూడండి. చైను బిగించడానికి చెయ్యి దూరుతుందో లేదో కూడా అప్పుడే చూసుకోండి.

సైడ్‌కార్ చక్రం ఎక్కడ ఉండాలి? వెనక చక్రం ఇరుసుకి సూటిగా కాదు, కొంచెం ముందుకి. దీన్ని లీడ్ అంటాం. బుల్లెట్ లాంటి బండికి ఆరు నుంచి పది అంగుళాలు. కుడి మలుపులో బ్రేకు వేస్తే బరువంతా సైడ్‌కార్ ముక్కు మీదికి పోతుంది. చక్రం వెనకాల ఉంటే ఆ ముక్కు నేలకి గుచ్చుకుంటుంది. మరీ ముందుకి జరిపితే హ్యాండిల్ బరువెక్కుతుంది, టైర్లు రాసుకుపోతాయి. నేను ఎనిమిది అంగుళాలు పెట్టాను.

టో-ఇన్

ఇప్పుడు అసలు విషయానికి వచ్చాం. మన చిన్న రైలు గుర్తుందా? నౌపడా నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం పోయేది. ఇప్పుడు బ్రాడ్‌గేజ్ అయిపోయింది, అప్పుడు పట్టాల మధ్య రెండున్నర అడుగులు. ఎక్కడ కొలిచినా రెండున్నర అడుగులే. రైలుకి అలాగే ఉండాలి. సైడ్‌కార్‌కి అలా ఉండకూడదు. ముందు దగ్గరగా, వెనక కాస్త దూరంగా ఉండాలి. అంటే సైడ్‌కార్ చక్రం ముక్కు కొంచెం బండి వైపుకి తిరిగి ఉండాలి. ఎందుకు? లాగని దాపట ఎద్దు బండిని ఎడమకి తిప్పుతోంది కదా. దాని తలని కాస్త కుడికి తిప్పిపెడితే అది నడిచినంత సేపూ కుడికి తోస్తూ ఉంటుంది. ఈ తోపు ఆ లాగుడికి సరిపోతుంది.

కొలవడం ఎలాగ? తాపీ మేస్త్రీల దగ్గర పొడుగాటి అల్యూమినియం బద్దలు ఉంటాయి చూశారా, అవి రెండు తెచ్చుకోండి. చదునైన గచ్చు మీద బండి పెట్టండి, హ్యాండిల్ తిన్నగా కట్టేయండి. ఒక బద్ద బుల్లెట్ రెండు చక్రాలనీ ఆనుకుని, నేలకి నాలుగు అంగుళాల ఎత్తులో. ఇంకో బద్ద సైడ్‌కార్ చక్రాన్ని ఆనుకుని, అదే ఎత్తులో. ముందు టైరు ముందు అంచు దగ్గర రెండు బద్దల మధ్య దూరం కొలవండి. వెనక టైరు వెనక అంచు దగ్గర కొలవండి. ముందు కొలత అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం తక్కువ రావాలి. వెనక టైరు లావుగా ఉండి ముందు టైరు సన్నంగా ఉంటే, ఆ తేడాలో సగం మందం చెక్క ముక్క ముందు టైరు దగ్గర పెట్టండి. రెండింటికీ 3.25-19 టైర్లే ఉన్న పాత 350కి ఆ బాధ లేదు.

ఇక్కడే చాలామంది పొరపడతారు. ముప్పావు అంగుళం అని విని, సైడ్‌కార్ చక్రం ముందంచు దగ్గరా వెనకంచు దగ్గరా కొలిచి, అక్కడే ముప్పావు పెట్టేస్తారు. నేను చెప్పిన రెండు చోట్ల మధ్య బుల్లెట్‌లో దాదాపు 80 అంగుళాలు ఉంటుంది. ఒక్క చక్రం అడ్డం 26 అంగుళాలే. 80 అంగుళాల మీద ముప్పావు అంటే 26 అంగుళాల మీద పావు అంగుళమే. చక్రం దగ్గర ముప్పావు పెడితే మూడింతలు ఎక్కువ పెట్టినట్టు. ఎంత అని అడిగితే చాలదు బాబూ, ఎక్కడ కొలిచారని కూడా అడగాలి.

ఎక్కువైతే ఏమవుతుంది? లెక్క వేద్దాం, సులువే. 80కి ముప్పావు చొప్పున వంకర ఉన్న చక్రం, కిలోమీటరు నడిస్తే తొమ్మిది మీటర్లకి పైగా పక్కకి పోవాలి. కానీ బండి దాన్ని పోనివ్వదు. అంటే ఆ తొమ్మిది మీటర్లూ టైరు రోడ్డు మీద అడ్డంగా రాసుకుంటోంది. అంత వరకు టైరు ఓర్చుకుంటుంది. అదే రెండు అంగుళాలు పెట్టారనుకోండి, కిలోమీటరుకి 25 మీటర్లు. కొత్త టైరు చూస్తుండగానే అయిపోతుంది. అనుమానం ఉంటే టైరు మీద అరచెయ్యి అడ్డంగా నిమరండి. ఒకవైపు నిమిరితే నున్నగా, తిరిగి నిమిరితే రంపంలా తగిలితే టో-ఇన్ తేడా ఉన్నట్టే.

లీన్-అవుట్

టో-ఇన్ అయ్యాక బండిని వాల్చాలి. సైడ్‌కార్ వైపు కాదు, దానికి ఎదురువైపు. అంటే కుడికి. ఎంత? హ్యాండిల్ ఎత్తులో ఒక అంగుళం. డిగ్రీల్లో ఒకటిన్నరకి కాస్త అటూ ఇటూ. కుడికి వాలిన బండి కుడికి తిరగాలని చూస్తుంది. రోడ్డు వాలు మనల్ని ఎడమకి తోస్తోంది. రెండూ చెల్లు.

దీనికి తాపీ మేస్త్రీ తూకం గుండే చాలు. 40 అంగుళాల బద్ద ఒకటి ముందు చక్రం రిమ్ముకి కుడివైపు నిలువుగా ఆనించండి. బద్ద పైకొన నుంచి గుండు వేలాడదీయండి. బండి కుడికి వాలింది కాబట్టి దారం కింద బద్దకి దూరంగా పోతుంది. ఆ దూరం అంగుళం ఉండాలి. వెనక చక్రం దగ్గర సైలెన్సర్ అడ్డమొస్తుంది, అందుకే ముందు చక్రం అన్నాను.

ఇప్పుడు నేను చెప్పేది దయచేసి మర్చిపోకండి. ఈ కొలత ఖాళీ బండి మీద తీయకూడదు. మీరు సీటు మీద కూర్చోవాలి. సైడ్‌కార్‌లో రోజూ ఎవరు కూర్చుంటారో వాళ్ళు కూర్చోవాలి. వాళ్ళు కూర్చోగానే సైడ్‌కార్ స్ప్రింగు దిగుతుంది, బండి ఎడమకి వాలిపోతుంది. ఖాళీగా చూసి పెట్టుకున్న అంగుళం అక్కడే మాయం. మా అమ్మ 62 కిలోలు. బండి రెండోసారి బిగించినప్పుడు ఆమెని పొద్దున్నించీ ఆ తొట్టిలోనే కూర్చోబెట్టాను. ఒక చేత్తో జపమాల, ఇంకో చేత్తో నా పానాల సంచి పట్టుకుని కూర్చుంది. నేను స్ట్రట్ ఒక మెలి తిప్పడం, ఆమెని కదలకుండా కూర్చోమనడం, గుండు చూడటం. మధ్యాహ్నానికి కుదిరింది. మళ్ళీ ముఖలింగం వెళ్ళాం. ఈసారి నా చేతులు హ్యాండిల్ మీద ఊరికే ఉన్నాయి, పట్టుకోవాల్సిన పని లేదు. అమ్మ దారంతా పొలాలు చూస్తూ వచ్చింది. "ఇది ఊయల్లా ఉందిరా" అంది.

లీన్-అవుట్ మార్చితే టో-ఇన్ కొంచెం కదులుతుంది. కాబట్టి మళ్ళీ బద్దలు పెట్టి చూడాలి. అది సరిచేస్తే ఇది కదులుతుంది. రెండు మూడు సార్లు అటూ ఇటూ తిరిగితే కుదురుతుంది. విసుగు వద్దు. స్ట్రట్లకి చెక్‌నట్లు, అంటే సడలకుండా పట్టే రెండో నట్లు, ఉండి తీరాలి, ఐబోల్టు (కొనకి కన్నం ఉన్న బోల్టు) మరలు లోపల బోల్టు మందానికి ఒకటిన్నర రెట్లు అయినా పట్టి ఉండాలి. యాభై కిలోమీటర్లు తిరిగాక అన్నీ మళ్ళీ బిగించండి. కొత్త క్లాంపులు కూర్చునేటప్పుడు తప్పకుండా కొంత సడలుతాయి.

రోడ్డు మీద చూడటం ఎలా? బండ్లు లేని చదును రోడ్డు మీద నలభైలో పోనిచ్చి, చేతులు వదలకుండా పట్టు మాత్రం సడలించండి. ఎడమకి పోతోందా? లీన్-అవుట్ కొంచెం పెంచండి. కుడికి పోతోందా? తగ్గించండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి, అదీ అర మెలి. ఎంత తిప్పారో పుస్తకంలో రాసుకోండి. రెండూ ఒకేసారి తిప్పితే ఏది పనిచేసిందో మీకు ఎప్పటికీ తెలియదు. ఇంకో మాట, వేరే ఊళ్ళో కుదిర్చిన బండి మీ రోడ్డుకి కుదరాలని లేదు. నడుమ బాగా ఎత్తున్న రోడ్ల మీద తిరిగేవాళ్ళకి లీన్-అవుట్ ఎక్కువ కావాలి. హైవే మీదే తిరిగేవాళ్ళకి తక్కువ చాలు.

ఘాటు దిగేటప్పుడు

ఇందాక బరంపురం మాస్టారు అడిగారు, సైడ్‌కార్ చక్రానికి బ్రేకు అవసరమా అని. మాస్టారూ, ఆర్. ఉదయగిరి ఘాటు మీద బండి దిగుతున్నారు అనుకోండి. బ్రేకు వేశారు. మోటారు సైకిల్ ఆగుతోంది. సైడ్‌కార్‌కి బ్రేకు లేదు, అది ముందుకే పోతానంటోంది. ఎడమ పక్క ముందుకి పోతే బండి ఎటు తిరుగుతుంది? కుడికి. కుడివైపు ఎవరున్నారు? ఎదురుగా ఎక్కుతున్న లారీ. నాకు దీనికి మించిన కారణం అక్కర్లేదు. సైడ్‌కార్ చక్రానికి డ్రమ్ము బ్రేకు పెట్టించి, వెనక బ్రేకు పెడల్‌కే కలపండి. అది ముందు పట్టకుండా, రెండూ ఒకేసారి పట్టేలా రాడ్డు సర్దండి. బ్రేకు లేని సైడ్‌కార్‌తో ఘాటు ఎక్కవద్దని ఎవరడిగినా చెప్తాను.

యాక్సిలరేటర్ ఇస్తే బండి ఎడమకి, వదిలినా బ్రేకు వేసినా కుడికి. ఇది ఒంటికి పట్టాలి. ఎడమ మలుపులో సైడ్‌కార్ చక్రం లేస్తుంది, ఖాళీగా ఉంటే మరీ త్వరగా. ముప్పై కిలోల ఇసుక బస్తా తొట్టి అడుగున, చక్రం వైపుకి తాడుతో కట్టేయండి. బస్తా జారితే లేనిదాని కన్నా ప్రమాదం. మొదటి వారం మైదానంలోనే తిరగండి. మలుపులో ఒళ్ళు వాల్చి తిప్పే అలవాటు ఇక్కడ పనికిరాదు, హ్యాండిల్‌ని ఎటు తిప్పితే అటే పోతుంది. ఇరవై ఏళ్ళు బుల్లెట్ నడిపినవాళ్ళే మొదటి మలుపులో కంగారుపడతారు.

ఇరవై, ముప్పై వేగంలో హ్యాండిల్ వణికితే భయపడకండి. పాత బళ్ళకి హ్యాండిల్ నడుమ డ్యాంపర్ నాబ్ ఉంటుంది, కొంచెం బిగించండి. హ్యాండిల్ బరువు తగ్గాలంటే ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు మార్చాలి. బీఎండబ్ల్యూ వాళ్ళు 1955లో తెచ్చిన ఎర్ల్స్ ఫోర్కులో సైడ్‌కార్ తగిలిస్తే ఫోర్కుని జరిపి బిగించుకోవడానికి వేరే రంధ్రమే ఇచ్చారు. మనకి అంత అక్కర్లేదు, మెల్లగా నడిపేవాళ్ళకి మామూలు ఫోర్కు సరిపోతుంది. గేర్‌బాక్సు స్ప్రాకెట్ ఒకటి రెండు పళ్ళు తగ్గిస్తే ఎత్తు మీద ఇంజిన్ ఏడవదు.

కాగితాల సంగతి ఒక్క మాట. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం విడదీయగల సైడ్‌కార్ తగిలించినా అది మోటారు సైకిలే. కానీ ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చే మార్పు చేస్తే 52వ సెక్షన్ అడ్డమొస్తుంది. కాబట్టి బిగించక ముందే ఆర్టీఓ దగ్గర అడిగి రాయించుకోండి, ఇన్సూరెన్స్ వాళ్ళకీ చెప్పండి. మనం రోజూ ఇటు ఒడిశా, అటు ఆంధ్ర తిరిగేవాళ్ళం, కాగితం బండిలోనే ఉండాలి. తొట్టిలో కూర్చునేవాళ్ళకి కూడా హెల్మెట్ పెట్టండి.

ఇక మాటలు చాలు. బండి బయట వేపచెట్టు కింద ఉంది. నిన్న రాత్రి నేనే స్ట్రట్లు రెండు మెలికలు తప్పుగా తిప్పి ఉంచాను, మీచేత సరిచేయించాలని. తూకం గుండు, బద్దలు అక్కడే ఉన్నాయి. తమ్ముడూ, నువ్వు టేపు పట్టు. గుణుపురం అక్కా, కూర్చుంటానన్నారు కదా, రండి, మెల్లగా ఎక్కండి. మీరు కూర్చున్నాకే కొలత మొదలుపెడదాం.